వేన్నీళ్ళ బాగోగులు

సంస్కృతమున యోగక్షేమములను జంటమాట కలదు. మనవారు ఉత్తరములలో దానిని కుశలమను నర్థమున వాడి వాడి, అందలి రెండు మాటలకును గల భేదమును మఱచినారు. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. భాష్యకారులు చెప్పిన యర్థమిది. మన సంసారముల తీరు చూచినచో, యోగమునందు మనకున్నంత యుత్సాహము క్షేమమునందు లేదని చెప్పక తప్పదు. క్రొత్త వస్తువు గడప దాటి వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టుదుము, పసుపుకుంకుమలు పెట్టుదుము, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుదుము. మఱునాటినుండి అది గోడలో గోడయైపోవును. మరల దానివంక మన చూపు పోవుట అది మూలబడిననాడే.

ఇట్లు గోడలో గోడయైపోయిన వస్తువులలో వేన్నీళ్ళ యంత్రము మొదటిది. దానినే అందఱును గీజరందురు. స్నానాల గదిలో తలకు పైన, కొన్ని యిండ్లలో అటకమీద, తెల్లని తొడుగులో అది దాగియుండును. మీట నొక్కుదుము, ఎఱ్ఱదీపము వెలుగును, నీళ్ళు కాగును. అంతకుమించి దానితో మనకు పరిచయము లేదు. "వ్యాసమునకు ఇంతకన్న విషయము దొరకలేదా? పిల్లలకు సంస్కృతము, ఇంగ్లీషు చెప్పు పంతులుగారికి కుళాయిల గొడవ యేల?" అని కొందఱు చదువరులు నవ్వవచ్చును. నవ్వినను సరే. చదువుకొన్నవాని చదువునకు పరీక్ష సభలలో జరుగదు. ఇంటిలో, అందును ఎవరును చూడని మూలలలో జరుగును.

మా బాల్యమున తాతగారి యింటి పెరటిలో రాగి బాయిలరు ఉండెడిది. నడుమ నిప్పులు వేయు గొట్టము, దాని చుట్టును నీళ్ళు, క్రింద బూడిద రాలు జల్లెడ, ప్రక్కను ఇత్తడి కుళాయి. కొబ్బరిడొక్కలు, కందికంప, పిడకలు దాని యాహారము. దాని యారోగ్యమంతయు బయటనే కనబడుచుండెను. నీరు తగ్గినచో చప్పుడు మాఱును; పొగ సరిగా పోనిచో కండ్లు మండును; రాగికి చిలుము పట్టినచో వచ్చినవారెల్ల చూతురు. అందుచేత నాయనమ్మగారు వారమునకొకసారి చింతపండుతో దానిని తోమించుచుండిరి. చింతపండులోని పులుపు రాగి చిలుమును, నీటి సున్నమును గూడ కరగించునని ఆమె యే పుస్తకమునను చదువలేదు, చేతులతో ఎఱుగుదురు. బాయిలరును ఎవరైన నిర్లక్ష్యము చేయవలెనన్నను సాగెడిది కాదు. అది యల్లరి పెట్టి తన పని తాను చేయించుకొనెడిది.

ఇప్పటి యంత్రము మిక్కిలి మర్యాద గలది. పదేండ్లు, పన్నెండేండ్లు నోరు మెదపదు. మంట లేదు, పొగ లేదు, బూడిద లేదు. కనుక దానికి ఆలనాపాలనా అక్కఱలేదని జనులు తలతురు. నిజమునకు దానికి రోగము లేకపోలేదు. రోగము కనబడుటమాత్రము పోయినది.

ఆ రోగమేదియో తెలియవలెనన్నచో మొదట నీటి సంగతి తెలియవలెను. మేము పనిచేయు పాఠశాల పల్నాటిలో ఉన్నది. ఈ సీమలో సున్నపురాయి మెండు. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలును, ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారములును ఆ రాతిమీదనే బ్రదుకుచున్నవి. వాననీరు గాలిలోనుండియు మట్టిలోనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు రాళ్ళ సందులలో దిగుచు సున్నపురాతిని కరగించుకొని బోరుబావిలో చేరును. దానిని మనము కాచినప్పుడు వాయువు పైకి పోవును; కరగియున్న రాయి మరల రాయియై పాత్రకు అంటుకొనును. నీళ్ళు కాచిన గిన్నె యడుగున కనబడు తెల్లని పొర యిదియే. భారతీయ ప్రమాణముల సంస్థవారు త్రాగు నీటికై 2012లో వెలువరించిన ప్రమాణమునందు, మొత్తము కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు సహింపవచ్చుననియు చెప్పియున్నారు. అది త్రాగువారికి చెప్పిన లెక్క. ప్రతిదినమును ఆ నీటిని కాచు యంత్రమునకు 200 కూడ తక్కువ మాట కాదు.

కొంతకాలము క్రిందట మేము నరసరావుపేటలో ఒక యింటి పై వాటాలోనికి మాఱితిమి. ఇంటి యజమానురాలు వృద్ధురాలు. క్రింది వాటాలో ఒంటరిగా నుందురు. పై స్నానాల గదిలో 25 లీటర్ల గీజరు ఉండెను. ఆమె భర్తగారు బ్రదికియున్ననాడు పెట్టించినది, వయస్సు పదునాఱేండ్లు. ఇద్దఱు ముగ్గురు అద్దెకాండ్రు దానితో స్నానములు చేసి వెళ్ళిరి. "దాని జోలికి పోనక్కర్లేదు బాబూ, బంగారంలాంటి గీజరు. ఇన్నేళ్ళలో పైసా ఖర్చు పెట్టించలేదు" అని ఆమె దానిని మెచ్చుకొనిరి. ఆ మెచ్చుకోలే మాకు మొదటి యనుమానము కలిగించినది. పదునాఱేండ్లు పైసా ఖర్చు పెట్టింపని వస్తువు రెండు విధములుగా నుండవచ్చును. దానికేమియు అక్కఱలేకపోవుట యొకటి. అక్కఱయున్నను ఎవరును చూడకపోవుట మఱొకటి.

మూడవనాడో నాలుగవనాడో ఆ సందేహము తీఱినది. బట్టలుతుకుటకు వచ్చునామె మునుపటి అద్దెకాండ్ర కాలమునుండి ఆ యింట పనిచేయుచున్నది. ఆమె చేతిలో పొడిగుడ్డ పట్టుకొని వేన్నీళ్ళ కుళాయి త్రిప్పుట మా గృహిణి చూచెను.

"గుడ్డ ఎందుకమ్మా?"

"ఆ పంపు కరుస్తదమ్మగారూ. ఎర్రదీపం ఎలుగుతున్నప్పుడు వట్టి చేత్తో పట్టుకోమాకండి."

"ఎన్నాళ్ళనుంచీ?"

"నిరుటి సంక్రాంతి కాణ్ణించండీ. నాకలవాటైపోయింది లెండి."

"వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పానండీ. ఆళ్ళు పట్టుకొని చూసి ఏమీ లేదన్నారండీ."

ఈ చివరి మాటనుగూర్చి మేము చాల ఆలోచించితిమి. మునుపటివారు అబద్ధమాడిరని మేము తలపలేదు. వారు నిజముగనే కుళాయిని పట్టుకొనియుందురు. వారికి నిజముగనే ఏమియు తెలిసియుండదు. ఏలయన, వారు రబ్బరు చెప్పులు తొడుగుకొని స్నానాల గదిలోనికి పోవుదురు. ఆమె వట్టికాళ్ళతో, తడినేలమీద నిలిచి పనిచేయును. కుళాయికి వచ్చిన విద్యుత్తు భూమిని చేరుటకు దారి వెదకును. రబ్బరు ఆ దారిని మూయును, తడికాలు తెఱచును. కుళాయి యొకటే, పట్టుకొన్న చేతులు రెండు, సాక్ష్యములు రెండు. చెప్పులు తొడిగినవారి సాక్ష్యము నిలిచినది. తొడుగనిదాని సాక్ష్యము కొట్టివేయబడినది. తర్కశాస్త్రమున ప్రత్యక్షమును ప్రమాణములలో మొదట చెప్పుదురు. ఆ ప్రత్యక్షముకూడ కాలిక్రింద నేమున్నదను దానిమీద ఆధారపడియుండునని ఆనాడు మాకు తెలిసినది.

ఆ క్షణముననే మీట కట్టివేసి, ఊరిలో పేరున్న విద్యుత్పనివానిని పిలిపించితిమి. అతడు వచ్చి, తలపైకెత్తి చూచి, "మేష్టారూ, పనిచేస్తన్నదాన్ని కదిలిస్తే లేనిపోని రోగాలు బయటపడతాయండీ. ఎందుకొచ్చిన గొడవ? పోయినాక కొత్తది పెట్టించుకోండి" అనెను. ఇది అతని యొక్కని మాట కాదు, దేశమంతటి మాట. చెఱువుగట్లనుగూర్చియు, పాఠశాలల పైకప్పులనుగూర్చియు మనము ఇదే మాట వినుచున్నాము. "రోగములు బయటపడవలెననియే నాయనా, మిమ్మును పిలిచితిమి" అంటిమి. అతడు నవ్వి పనిముట్ల సంచి విప్పెను. ఒకసారి విప్పిన తరువాత అతని చేతి నేర్పును, ఓర్పును చూచి మాకు గౌరవము కలిగినది.

మొదట గోడలోని ప్లగ్గుగుంటను విప్పెను. మూడుకాళ్ళ ప్లగ్గులో పై కాలు తక్కినవానికంటె పొడవు, లావు. అది ఎర్తు తీగకు చెందినది. యంత్రపు టొడలికి విద్యుత్తు సోకినచో దానిని మనుష్యునిగుండ పోనీయక నేరుగా భూమికి చేర్చుట ఆ తీగ పని. ఈ యింట మూడవ రంధ్రము ఉన్నది. దాని వెనుక తీగ తెగియున్నది. గోడకు ఎవరో ఎప్పుడో మేకు కొట్టినప్పుడు తెగియుండునని అతడు చెప్పెను. బయటినుండి చూచువానికి మూడు రంధ్రములును సరిగానే యున్నవి.

తరువాత నీరంతయు క్రిందికి వదలి, అడుగు మూత విప్పెను. విప్పగనే బకెట్టులోనికి రాళ్ళు రాలినవి. పెంకులవంటివి, పలుకులవంటివి, కొన్ని వ్రేలెడు మందము గలవి. కూరగాయల త్రాసులో తూచగా 1 కిలో 300 గ్రాములు తూగినవి. బోరుబావిగుండ గ్లాసు గ్లాసుగా మేడ యెక్కిన పల్నాటి కొండ అది. నీరు కాచు రాగి గొట్టమును, దాని ప్రక్కనే యుండు తాపనియంత్రకపు కడ్డీయు ఆ రాతిలో కలిసి యొకటే ముద్దయై యుండెను. కాచు గొట్టము లోపల వేడెక్కు తీగయుండును; ఆ తీగకును రాగి తొడుగునకును నడుమ విద్యుత్తును పోనీయని తెల్లని పొడి దట్టించియుందురు. చుట్టును నీరున్నంతవఱకు వేడి నీటిలోనికి పోవును. రాయి కప్పినప్పుడు వేడి తొందరగా బయటికి పోలేక తొడుగు కాలిపోవును, ఒకనాడు చిట్లును. చిట్లినచోట నీరు లోపలికి పోవును; విద్యుత్తు నీటిలోనికి వచ్చును. కుళాయి కఱచుటకు కారణ మిదియే. ఇంటిలోని మామూలు ఫ్యూజు దీనిని పట్టలేదు. 2,000 వాట్ల గీజరు సుమారు తొమ్మిది ఆంపియర్లు తీసికొనును. మనుష్యుని ప్రాణమునకు ముప్పు తేగల విద్యుత్తు అందులో దాదాపు మూడువందలవ వంతు. ఏనుగులు దాటునేమో యని కాచు కావలివాడు చీమను చూచునా?

అతడు చివర బయటికి తీసినది సన్నని యినుప తీగ. "ఇదేనండీ యానోడు" అనెను. దానిచుట్టును వ్రేలంత లావున మెగ్నీషియపు కడ్డీ ఉండవలెను. ఉన్నది తీగ మాత్రమే. ఈ కడ్డీ కథ తెలిసినవారు మన యిండ్లలో అరుదు, కనుక చెప్పుచున్నాము.

నీటిలో రెండు లోహములు ఒకదానితో నొకటి తగిలియున్నప్పుడు, వానిలో చురుకైనది ముందుగా కరగును. అది కరగునంతకాలము రెండవదానికి త్రుప్పు రాదు. 1824లో హంఫ్రీ డేవీ యను నాంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ధర్మమును ఓడలకు ఉపయోగించి చూపెను. ఓడల యడుగున కొట్టిన రాగి రేకులను సముద్రపు నీరు తినివేయుచుండగా, రాగికి తగులునట్లు యశదమో, ఇనుమో అమర్చి రాగిని కాపాడవచ్చునని ఆయన రాయల్ సొసైటీవారికి నిరూపించెను. మన గీజరులోని మెగ్నీషియపు కడ్డీ ఆ యోడల సంతతిదే. ఉక్కు తొట్టికి లోపల గాజుపూత పూయుదురు. ఆ పూతలో సన్నని బీటలు ఉండకపోవు. అచ్చట ఉక్కును తినవచ్చిన త్రుప్పునకు కడ్డీ తన్ను తానే యాహారముగా నిచ్చును. దధీచి తన యెముకలను ఇంద్రున కిచ్చిన కథ మన పిల్లలకు చెప్పుచున్నాము. దధీచియొకడు స్నానాల గదిలో నీటి నడుమ నిలిచి, ఏటికేడు క్షయించిపోవుచున్న సంగతి మాత్రము పెద్దలకు తెలియదు. కడ్డీ యుండగా మార్చినచో తొట్టి బ్రదుకును. కడ్డీ ముగిసిన పిమ్మట బలికి తొట్టియే మిగులును.

చల్లని నీరు లోనికి వచ్చు దారిలో రక్షణకవాటము ఒకటి యుండును. నీరు కాగినకొలది పెరుగును. 25 లీటర్ల నీరు 20 డిగ్రీలనుండి 65 డిగ్రీలకు కాగినప్పుడు సుమారు 450 మిల్లీలీటర్లు అధికమగును. తిరిగి పోవు దారి లేనప్పుడు ఆ యెక్కువ నీటిని బొట్లుబొట్లుగా బయటికి విడిచి, తొట్టిలో ఒత్తిడి పెరుగకుండ చేయుట కవాటము పని. బొట్లు పడుచున్నవని విసుగుకొని దానికి బిరడా కొట్టించువారు కలరు. ఊపిరి చప్పుడగుచున్నదని ముక్కు మూసినట్లే యిది. మా కవాటము సున్నముతో బిగిసియుండెను.

తొట్టికి మాత్రము అదృష్టవశమున బొక్క పడలేదు. కాచు గొట్టము, తాపనియంత్రకము, దానికి తోడుగా మితిమీరిన వేడికి తానై తెగు రెండవ కాపు, కడ్డీ, కవాటము, మూత క్రింది రబ్బరు అన్నియు క్రొత్తవి వేయించితిమి. తెగిన ఎర్తు తీగకు బదులు క్రొత్త తీగ లాగించి, పెరటిలోని ఎర్తుగుంటవఱకు పరీక్షింపించితిమి. ఎండిపోయిన ఆ గుంటలో నీరు పోయించితిమి. ఆర్.సి.సి.బి. యను మీటను గూడ పెట్టించితిమి. అది పోవు విద్యుత్తును, తిరిగి వచ్చు విద్యుత్తును సరిచూచుచు, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో కనుఱెప్పపాటులో సరఫరాను కత్తిరించును. ఏనుగులను కాదు, చీమను చూచు కావలివాడు వీడు. ఇంటి యజమానురాలు మెట్లెక్కి వచ్చి రాళ్ళ బకెట్టు చూచి, "ఇదంతా మన గీజర్లోదేనా బాబూ!" అని చాలసేపు నిలుచుండిరి. తరువాత పనివానితో, "కిందది కూడా విప్పు నాయనా" అనిరి. బట్టలుతుకునామె మాత్రము మఱి పది దినములు గుడ్డ మానలేదు. ఒకసారి త్రోసిపుచ్చబడిన మాట మరల నమ్మికగా మాఱుటకు ఆపాటి కాలము పట్టును.

ఈ సంగతినుండి మేము గ్రహించినది ఒకటి కలదు. ఇంటిలోని నిర్లక్ష్యము అందఱిమీదను సమముగా పడదు. చెప్పులున్నవానికి అది తెలియనే తెలియదు. వట్టికాళ్ళవానిని అది కఱచును. మన సంఘమున మాత్రము మరమ్మతు చేయింపవలసినవాడు చెప్పులున్నవాడు. అవసరము తెలిసినది వట్టికాళ్ళవానికి. ఈ యిద్దఱి నడుమ మాట నడువనంతకాలము యంత్రములే కాదు, ఏ వ్యవస్థయు బాగుపడదు. కనుక గృహస్థులు తమ యింట ఏది యెట్లున్నదో తెలిసికొనగోరినచో, అచ్చట నేలమీద కూర్చుండి పనిచేయువారిని అడుగవలెను. అడిగి, చెప్పినది నమ్మవలెను. నమ్మకున్నచో తామును చెప్పులు విప్పి పరీక్షింతుమనుట వెఱ్ఱితనము. పరీక్షించు పరికరములు గల పనివానిని పిలుచుట వివేకము.

అద్దె యిండ్లలో మఱొక చిక్కు కలదు. "యంత్రము యజమానిది గదా" అని అద్దెవాడు, "వాడుకొనునది వాడు గదా" అని యజమాని. ఈ రెండు "గదా"ల నడుమ కడ్డీ కరగిపోవును. అద్దె పత్రములో సున్నము వేయుటనుగూర్చి వ్రాసికొందుము. విద్యుద్యంత్రముల పరీక్షనుగూర్చి వ్రాసికొనము. ఏటికొకసారి పరీక్ష ఎవరు చేయింపవలెనో, ఖర్చు ఎవరు పెట్టవలెనో యొక్క వాక్యము వ్రాసికొన్నచో ఈ వివాదము తీఱును. మా పనికంతకును అయినది సుమారు 4,000 రూపాయలు. సగము మేము, సగము ఆమె పెట్టితిమి. అందు పనివాని కూలి మిక్కిలి తక్కువ భాగము. పెండ్లిలో దండలకు వేలకు వేలు బేరమాడక యిచ్చువారు, ప్రాణము కాపాడు చేతికి వంద రూపాయలు తగ్గింపుమని గంటసేపు వాదింతురు. చేతిపనిని చిన్నచూపు చూచు బుద్ధి మనలో పోనంతకాలము మంచి పనివారు మనకు దొరకరు. దొరికినను మనసు పెట్టి చేయరు.

దసరాలలో ఆయుధపూజ చేయు నాచారము మనకున్నది. బండికి నిమ్మకాయలు కట్టుదుము. కుట్టుమిషనుకు బంతిపూలు చుట్టుదుము. విద్యుత్తు మీటల పెట్టెకు కుంకుమబొట్టు పెట్టుదుము. ఈ యాచారమును మేము నిందింపము. పనిముట్టును గౌరవించు జాతి మంచి జాతి. కాని పూజకు ముందు శుద్ధి యుండవలెనని శాస్త్రమే చెప్పుచున్నది గదా! ఆ దినమున బొట్టు పెట్టుటకు ముందు మూత విప్పి చూచుట ఆచారమైనచో, ఏటికొకసారి పరీక్ష పంచాంగముతోపాటు తానై వచ్చును. ఆయుధపూజ నాటికి చలికాలము ముంగిట నుండును. వేన్నీళ్ళ యంత్రమునకు అంతకన్న మంచి ముహూర్తము లేదు.

చేయవలసినవి కష్టమైనవి కావు. ఆర్.సి.సి.బి. మీటకు పరీక్షబొత్తాము ఉండును. నెలకొకసారి దానిని నొక్కినచో సరఫరా తెగవలెను. తెగకున్నచో ఆ కావలివాడు నిద్రించుచున్నాడు. 25 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగుటకు 2,000 వాట్ల గీజరుకు సుమారు అరగంట పట్టును. అగు ఖర్చు ఇంచుమించు ఒక యూనిటు. అరగంటకు చాలముందే దీపము ఆరిపోయి, నీరు గోరువెచ్చగనే యున్నచో తాపనియంత్రకము రాతిలో చిక్కినదేమో యని శంకింపవలెను. కాగునప్పుడు లోపల చిటపట చప్పుడైనచో అదియు రాతి గుర్తే. మావంటి సున్నపునీటి యూళ్ళలో ఏటికొకసారి యైనను పనివానిచేత విప్పించి, కాచు గొట్టమును నిమ్మఉప్పు కలిపిన నీటిలో నానబెట్టింపవలెను. నురుగులు కట్టుచు సున్నము కరగును. నాయనమ్మల చింతపండు విద్యయే యిది. పులుపు మాఱినది, పద్ధతి మాఱలేదు. అప్పుడే కడ్డీని చూడవలెను. సగము క్షయించినచో మార్పింపవలెను. ఏ పనికైనను ముందు సరఫరా పూర్తిగా తీసివేయవలెను. తొట్టి నిండిన తరువాతనే మరల మీట వేయవలెను. వట్టి తొట్టిని కాచినచో క్రొత్త గొట్టముకూడ నిమిషములలో పోవును.

వేడినిగూర్చి యొక మాట. విద్యుత్తు పొదుపనుకొని నియంత్రకమును మిక్కిలి తగ్గించి, గోరువెచ్చని నీటిని దినములతరబడి తొట్టిలో నిలువనుంచుట మంచిది కాదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశమునకు వచ్చినవారికి అంతుపట్టని జబ్బు సోకినది. మఱుసటి యేడు దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనిరి; పిమ్మట దానికి లెజియోనెల్లా యని పేరు పెట్టిరి. అది నిలువయుండు గోరువెచ్చని నీటిలో వృద్ధిపొందును; తుంపరలతో ఊపిరితిత్తులలోనికి పోవును. 60 డిగ్రీలకు కాచి యుంచిన నీటిలో అది నిలువజాలదు. కనుక ఊరినుండి వచ్చిన తరువాత తొట్టిని బాగుగా కాచి, ఆ నీటిని వదలివేసి, పిమ్మట వాడుకొనుట మేలు. అయితే 60 డిగ్రీల నీరు పసిపిల్లల చర్మమును క్షణములలో కాల్చును. బకెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు అను క్రమమును ఇంటిలో అందఱికిని నేర్పవలెను.

వంటగ్యాసుతో నడచు గీజరుల సంగతి మఱింత జాగ్రత్త గలది. గీజరను పేరే ఐస్‌లాండు దేశపు వేడినీటి బుగ్గ పేరు. 1868లో లండను నగరమున బెంజమిన్ వాడీ మాన్ అనునతడు గ్యాసుతో నీళ్ళు కాచు యంత్రమును చేసి దానికా పేరు పెట్టెను. దానికి పొగ బయటికి పోవు గొట్టము లేదు. నూటయేబదియేండ్లు దాటినను మన యిండ్లలో కొందఱు ఆ లోపమునే మరల తెచ్చుకొనుచున్నారు. మూసిన స్నానాల గదిలో గ్యాసు మండినప్పుడు గాలిలోని ప్రాణవాయువు తఱుగును; కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్ర వచ్చినట్లు వచ్చి ప్రాణము తీయును. అట్టి యంత్రము గదికి బయట, గాలి యాడుచోట నుండవలెను; నీటి గొట్టము మాత్రమే లోపలికి రావలెను.

ఇంతయు చెప్పి, పాత వస్తువునెల్ల పట్టుకొని వ్రేలాడుమని మేము చెప్పుటలేదు. తొట్టికే బొక్క పడినచో అతుకులు వేయించుట లోభము. నీరు ఎఱ్ఱగా వచ్చుట మానకున్నను, కడ్డీ మార్చిన పిమ్మటగూడ అతుకులవద్ద చెమ్మ కనబడినను, దానికి సెలవిచ్చుట మేలు. క్షేమమనగా ఎల్లకాలము ఉంచుట కాదు. ఉన్నంతకాలము సరిగా ఉంచుట, పోవలసిన కాలమును గుర్తించుట.

తెనుగున బాగోగులు చూచుట యను చక్కని మాట కలదు. బాగును చూడవలెను, ఓగును చూడవలెను. మొదటిదానిని మాత్రము చూచువాడు పొగడువాడే గాని చూచువాడు కాడు. ఈ మాటను మనము వృద్ధులయిన తల్లిదండ్రులకును, పాడిపశువులకును వాడుదుము. మన ప్రాణములను మోయుచున్న యంత్రములకును వాడవలసిన కాలము వచ్చినది. అందుకొక చిన్న యుపాయము చెప్పెదము. బిడ్డ పుట్టగనే జాతకము వ్రాయించు దేశము మనది. గీజరుకును అట్టిదొకటి వ్రాయుదము. నాలుగంగుళముల కాగితముమీద అది వచ్చిన తేది, కడ్డీ మార్చిన తేది, సున్నము తీసిన తేది, ఎర్తు పరీక్షించిన తేది వ్రాసి, అందఱికిని కనబడునట్లు స్నానాల గది తలుపునకు బయట అంటింపవలెను. అక్షరములు పెద్దవిగా, తెలుగులో ఉండవలెను. ఆ గదిలో పనిచేయువారెవరైనను చదివి, లేదా చదివించుకొని, "అమ్మగారూ, ఏడాది దాటిందండీ" అని చెప్పుటకు వీలుండవలెను. ఆ మాట వినినవాడు ఆనాడే మీట కట్టి, పనివానిని పిలువవలెను.